చంకలో పెట్టిన సెన్సార్

నాకు అనుమానం ఎక్కువ. భూపాలపల్లి కరెంటు ప్లాంటులో మీటర్లు సరిచూడటం నా ఉద్యోగం. అక్కడ అనుమానం జబ్బు కాదు, అర్హత. ఇంటికి మోసుకొస్తేనే తంటా.

నర్మెట్ట దగ్గర మా ఊళ్లో, అమ్మ పెంచుకునే నల్లకోడి గుడ్లు పొదుగుతుంటే దాన్ని కుక్క ఎత్తుకుపోయింది. పదమూడు గుడ్లు మిగిలాయి. అవి కూడా పోతే అమ్మకు ఇక ఆ నల్లకోళ్ల సంతతి లేనట్టే. నేను సెలవు పెట్టి వచ్చి, థర్మకోల్ డబ్బాలో బల్బు బిగించి గుడ్లను అందులోకి మార్చాను. వేడి కొలవడానికి గోరంత సెన్సార్, మూడు కాళ్లది. అటూ ఇటూ కాళ్లు కరెంటుకు, నడిమిది మైక్రోకంట్రోలర్ బోర్డుకు. వేడి పెరిగేకొద్దీ నడిమి కాలు మీద వోల్టేజీ పెరుగుతుంది. బోర్డు దాన్ని డిగ్రీల్లోకి మార్చి బల్బును వెలిగిస్తుంది, ఆర్పుతుంది. లాప్‌టాప్‌కు తగిలించి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత ఇంట్లో పడున్న పాత ఫోన్ ఛార్జరుకు తగిలించాను. బోర్డుకున్న చిన్న తెర మీద ముప్పై ఏడున్నర డిగ్రీలు. కోడి కింద ఉండాల్సినంత వేడి.

మూత తీయొద్దని అమ్మకు ఒకటికి పదిసార్లు చెప్పాను. ఆమె తలూపిన తీరు నాకు నచ్చలేదు. మూత అంచుకు సన్నటి కాగితం ముక్క అంటించి పొలానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అది చిరిగి ఉంది. కన్నతల్లికి ఉచ్చు పన్నినందుకు సిగ్గుపడాల్సింది పోయి, దొరికిందని సంబరపడ్డాను.

“తీసినవా?”

“తీసిన. గుడ్డు కంటిరెప్పకు ఆనిచ్చి చూసిన. సల్లగున్నయి బిడ్డా. కోడి కింద గిట్లుండయి.”

“మూత తీస్తే సల్లబడక ఎట్లుంటయి? ముప్పై ఏడున్నర చూపెడుతున్నది గదా!”

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అమ్మ వాదించలేదు. జనగామ మార్కెట్‌కు పత్తి తీసుకుపోతే ముందు కాంటా మీద తనే ఎక్కి నిలబడే మనిషి ఆమె. తన బరువు తనకు తెలుసు. కాంటా అదే చెబితేనే బస్తా ఎక్కనిస్తుంది. ఇప్పుడూ అదే పని చేసింది. సెన్సార్‌ను వైరుతో సహా బయటికి లాగి చంకలో పెట్టుకుని కూర్చుంది.

“ఎంత చూపెడుతుంది?”

“ముప్పై తొమ్మిది.”

“అంటే నాకు జరమొచ్చిందా?”

నుదుటి మీద చెయ్యి వేశాను. నా చేతి మీద కూడా అనుమానమే కాబట్టి థర్మామీటరు పెట్టి చూశాను. జ్వరం లేదు.

అప్పుడు గానీ ఛార్జరును మల్టీమీటరుతో కొలవాలన్న బుద్ధి పుట్టలేదు. ఐదు వోల్టులు ఇవ్వాల్సింది తక్కువ ఇస్తోంది. బోర్డు మాత్రం అది ఐదేనని నమ్మి, దాంతోనే సెన్సార్ వోల్టేజీని కొలుస్తోంది. కొలకర్ర కురచైతే బట్ట పొడుగ్గానే కనిపిస్తుంది. తెర మీద ముప్పై ఏడున్నర ఉన్నంతసేపూ గుడ్లు ముప్పై ఐదు దగ్గరే ఉండిపోయాయి. ఉద్యోగంలో రోజూ చేసే పనిని ఇంట్లో మరిచినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఛార్జరు మార్చాను. ఇరవై ఒకటో రోజున పిల్లలు రావాలి, రాలేదు. ఇరవై మూడో రోజున నాలుగు గుడ్లు చిట్లి, నాలుగు తడి తలలు బయటికొచ్చాయి. ఇంకో రెండు రోజులు చూసి, మిగతా తొమ్మిదింటినీ అమ్మ ఒక్కొక్కటిగా రెప్పకు ఆనించుకుని చాటలో పెట్టింది.

“నన్ను పట్టుకునేటందుకు కాయితం అంటిచ్చినవు,” అంది నా వైపు చూడకుండానే. “గా ఛార్జరుకేం అంటిచ్చినవు బిడ్డా?”