శనివారం మాత్రం చావని కంప్యూటర్

రాయమ్మా, ఈ అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి. మీ నాన్న గురించి వచ్చినప్పుడు చెయ్యి ఆపొద్దు.

మన హాల్లో మూల బల్ల మీదున్న కంప్యూటర్ సంగతి ఇది. బడి నుంచి రిటైరైన ఏడాది కొన్నాను. దాంట్లో నేను దాచుకున్నవి పాటలే. మా చర్చి స్త్రీల సమాజంలో ముగ్గురు ముసలమ్మలు ఉండేవారు. ఏ పుస్తకంలోనూ లేని పాత కీర్తనలు వాళ్ళ నోళ్ళలో ఉండేవి. ప్రతి బుధవారం బోయిగూడ వెళ్ళి, వాళ్ళ చేత పాడించుకుని, చిత్తు కాగితాల మీద గీసుకుని వచ్చి టైపు చేసేదాన్ని. టైపయ్యాక ఆ కాగితాలు చింపి పారేసేదాన్ని, నా తెలివి అలాంటిది. పాటకో పేజీ, మొత్తం నూట నలభై పాటలు. ఆ ముగ్గురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. అడుగుదామంటే ఎవర్ని అడగను?

అలాంటి సమయంలో కంప్యూటర్ చావడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి తెర నీలంగా మారడం, తెల్లక్షరాల్లో ఏదో ఇంగ్లీషు చూపించడం, టక్కున ఆరిపోవడం. కాసేపాగి నొక్కితే మళ్ళీ లేచేది, మళ్ళీ పోయేది.

మీ నాన్న బేగంపేట ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా తీర్పు చెప్పాడు.

"వైరస్ అత్తమ్మా. ఫార్మాట్ కొడితే ఒడుస్తది."

"అంటే ఏం చేస్తవ్?"

"లోపలున్నదంత తుడిచేసి కొత్తగ పెడ్త."

"మరి నా పాటలో?"

"నా లాప్‌టాప్‌ల కాపీ చేస్త. దానికెందుకింత పరేషాన్?"

చేశాడు. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ కాకి గీతలు. నేను టైపు చేసిన అక్షరాలు పాత రకానివట, ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా తెలియవట. అంటే తుడిచేస్తే పాటలకు అదే సమాధి. సరే, పక్కనున్న ప్రింటర్‌లో కాగితం మీదైనా అచ్చు తీద్దామని కూర్చున్నాను. నాలుగో పేజీ సగంలో నీలం తెర వచ్చింది.

రాంగోపాల్‌పేట్ నుంచి మెకానిక్‌ను పిలిపించాను. పెద్దవాడే, గడ్డం నెరిసింది. డబ్బా విప్పి, లోపలి పలక ఒకటి ఊడదీసి, పిల్లలు పెన్సిల్ గీత చెరిపినట్టు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. చాయ్ తాగుతూ గంటసేపు నడిపి చూశాడు. బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు అల్లరి పిల్ల కూర్చున్నట్టు కూర్చుంది ఆ కంప్యూటర్.

"మెషిన్ మస్తుగుంది అమ్మా. మీరే గలత్ బటన్ నొక్కుతున్నరేమో, జెర చూస్కోండ్రి."

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదానికి బటన్లు నేర్పి వెళ్ళాడు. అతను వెళ్ళిన అరగంటకు అది చచ్చింది. రెండోసారి వచ్చి కరెంటు డబ్బా మార్చాడు. మళ్ళీ అదే వరస. మూడోసారి రావడానికి ఓపిక లేక ఫోన్లోనే రోగం కనిపెట్టాడు.

"మదర్‌బోర్డ్ ఖరాబైంది. స్క్రాప్‌ల ఏసెయ్యుండ్రి."

"చూడకుండనే చెప్తున్నవా నాయనా?"

"తజురుబా అమ్మా, అనుభవం."

"నీ తజురుబా చూస్తే నా క్లాసుల వెనక బెంచీ యాదికొస్తుంది."

అటు మీ నాన్న వచ్చే ఆదివారం కొత్త కంప్యూటర్ తెస్తానని, ఈ డబ్బాను తీసేద్దామని తేల్చేశాడు. ఒకరిది వైరస్, ఒకరిది మదర్‌బోర్డ్. రోగాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు, పేరు పెట్టడానికి మాత్రం ఇద్దరూ సిద్ధం.

నాకు తెలిసిన పని నేను చేశాను. మొదటి వారం నుంచే బడి హాజరు పట్టీలాగా ఒక పట్టీ వేశాను. ఎప్పుడు ఆన్ చేశాను, ఎప్పుడు పోయింది, ఆ సమయంలో ఏం చేస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం కళ్ళద్దాలు తుడుచుకుని మూడు వారాల పట్టీ ముందేసుకున్నాను. పొద్దున కాస్త ఎక్కువ సేపు బతికింది, ఎండెక్కాక తొందరగా పోయింది. శనివారాలు మాత్రం ఒక్కసారి కూడా చావలేదు. ఆ రోజు వాడలేదా అంటే, ఆదివారం పాటలు చూసుకుంటూ పొద్దంతా దాని ముందే కూర్చున్నాను మరి.

మన ఇంట్లో శనివారం ఏం జరుగుతుంది? ఆదివారం ఆరాధన తర్వాత మనుషులొస్తారని కవర్లన్నీ ఉతికి మేడ మీద ఆరేస్తాను. ఫ్రిజ్ కవరు, మిక్సీ కవరు, సోఫా కవర్లు. వాటితో పాటు కంప్యూటర్ డబ్బాకు నేనే కుట్టిన వెల్వెట్ కవరు, అంచున లేసు. ముందువైపు బటన్ కోసం ఇంత సందు, వెనక మొత్తం మూత. దుమ్ము పడకూడదని. మెకానిక్ వస్తున్నాడంటే ముందే తీసేదాన్ని, పరాయివాళ్ళ ముందు మాసిన గుడ్డ ఉండకూడదని. అతను గడప దాటగానే మళ్ళీ తొడిగేదాన్ని.

లేచి కవరు కింద చెయ్యి పెట్టాను. దోసె పెనం. వెనక ఫ్యాన్ పాపం గుడ్డకు గాలి విసురుతోంది.

ఇన్ని రోజులు మీ నాన్నను, ఆ మెకానిక్‌ను తిట్టిన నోటితో నన్ను నేను తిట్టుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎక్కువ తిట్టుకోలేదు. కనిపెట్టింది కూడా నేనే కదా. కవరు లాగి పడేసి, చల్లారనిచ్చి, అచ్చు షురూ చేశాను. నాలుగో పేజీ దాటింది. నలభై దాటింది. మధ్యలో అన్నం తినడానికి కూడా లేవలేదు, నేను లేస్తే అది పడుకుంటుందేమోనని.

సాయంత్రం మీ నాన్న వచ్చేసరికి కాగితాల కట్ట బల్ల మీద ఉంది. సంగతంతా విని కట్ట మీద చెయ్యి వేశాడు.

"ఇవి నాకియ్యుండ్రి అత్తమ్మా, ఆఫీస్‌ల స్కాన్ చేస్త. ఇంకో కాపీ సుత ఉంటది."

"ఇస్తా. ముందు ఇక్కడ కూసోని లెక్కపెట్టు."

"మీరు పెట్టిన్రు కద."

"నేను పెట్టిన. నువ్వు సుత పెట్టు, పైకి."

ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టాడు. అరవై దగ్గర ఫోన్ మోగితే ఎత్తాడు. లెక్క తప్పాడు. మళ్ళీ ఒకటి నుంచి పెట్టించాను. నూట నలభై అన్నాకే కట్టను చేతికిచ్చాను.