తుండుగుడ్డకు సీటు, నాకు మిరప బస్తా

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో బస్సు సీటుకు తుండుగుడ్డే యజమాని. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి గుడ్డ విసిరితే ఆ చోటు మనదే. దాన్ని తీసి కూర్చునే మొనగాడు లేడు. ఈ ధర్మం ఎవడు పెట్టాడో గాని వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. (అక్షరాలు ముసలితనంలో దిద్దుకున్నవాణ్ని, కోపాన్ని నాజూకుగా రాయడం నాకు చేతకాదు.)

పెళ్లీడుకొచ్చాక నాకు బెజవాడలో ఒక సంబంధం చూశారు. అంతకుముందు రెండు తప్పిపోయాయి. ఇదీ పోతే ఇక నీ ఖర్మ అని ఇంట్లో తేల్చేశారు. మా మేనమామా నేనూ బయల్దేరాం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పొద్దుటి బస్సు కిటికీలోంచి నా తుండుగుడ్డ విసిరాను. మామ జనాన్ని తోసుకుంటూ ఎక్కి దాని పక్కనే కూలబడ్డాడు. నేను వెళ్లేసరికి మెట్టు మీద కూడా చోటు లేదు. "పైకెక్కవయ్యా, పైన గాలి బాగుంటది" అన్నాడు కండక్టరు. "లోపల నాకు సీటుందయ్యా!" అంటే, "ఉంటే ఉంది, దాని దగ్గరకెట్టా పోతావ్?" అన్నాడు. టిక్కెట్టు అప్పటికే తెగింది, దిగిపోతే మరోటి కొనే స్తోమత లేదు. వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికెక్కాను. పైనంతా ఎండుమిరప బస్తాలే! బస్సు కదిలిందో లేదో ఆ ఘాటంతా గాలికి లేచి నా మొహాన కొట్టింది.

నందిగామలో జనం ఎక్కారే గాని దిగలేదు. టాపు మీంచి కిటికీలోకి తల వేలాడేసి చూశాను. చంకలో పిల్లతో ఒకావిడ, "కాస్త కూర్చోనివ్వు బాబాయ్" అంటోంది. "కుదరదమ్మా, మా అల్లుడు వస్తాడు" అంటున్నాడు మామ. "నేనెట్టా వచ్చేది మామా! ఆవిణ్ణి కూర్చోబెట్టు!" అని అరిచాను. "నువ్వు బెంగెట్టుకోకురా, ప్రాణం పోయినా సీటు పోనివ్వను" అన్నాడు ఆ మహానుభావుడు. అలా నా గుడ్డ జమీందారులా కూర్చుని బెజవాడ చేరింది.

పిల్లవారింట్లో కాలు పెట్టేసరికి నా కళ్లు చింతనిప్పులు, చెంపలంతా నీళ్లు. పిల్ల నాయనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "పిల్లోడు ఏడుస్తన్నాడేందయ్యా? ఇష్టం లేకుండా లాక్కొచ్చారా?" అంది. "అబ్బే, ఆనందం అండి" అన్నాడు మామ. "ఆనందం కాదు, మిరపకాయలు!" అని గర్జించబోయి వరసబెట్టి తుమ్మాను. పిల్ల తండ్రి మొహం మాడిపోయింది. ఈ సంబంధమూ పోయిందనుకున్నాను. అప్పుడు, తల వంచుకుని కూర్చోవలసిన పిల్ల లేచి లోపలికెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, "ముందు మొహం కడుక్కోండి, తర్వాత చూద్దురుగాని" అంది. ఇల్లంతా నవ్వింది. (నేను తప్ప.)

కడుక్కున్నా మసకే. ఆకుపచ్చ చీర ఏదో కదిలినట్టు కనపడింది, సరే అన్నాను. ఆవిడ నన్ను తీరిగ్గా చూసింది, నేను ఆవిణ్ణి చూడనే లేదు. పెళ్లిచూపుల్లో ఇదేం న్యాయం? ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ, "కనపడుంటే వద్దనేవారా?" అని అడుగుతుంది. గట్టి జవాబే చెబుదామని నోరు తెరుస్తాను. చెంబు ముందు కళ్లు నులుముకుంటూ, కోపంతో ఊగిపోతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. జవాబుకు బదులు నవ్వే బయటికొస్తుంది.