మాస్టారి ఎర్ర తూటా

గురువారం ఉదయం ఆఫీస్ వీడియో మీటింగ్‌లో నా వంతు కోసం ఎదురుచూస్తుండగా మెసేజ్ వచ్చింది. "మాస్టారు పోయారు బాబూ. నిద్రలోనే." పంపింది ఆయన భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ. తర్వాత మీటింగ్‌లో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. కెమెరా ఆపేసి, నా కుడిచేతిని చూసుకుంటూ కాసేపు కూర్చున్నాను.

మాస్టారంటే సంగీతం మాస్టారో లెక్కల మాస్టారో అనుకునేరు. ఆయన పిస్టల్ కాల్చడం నేర్పేవారు. మా ట్రాయ్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆ పని చేసేది, నాకు తెలిసి, ఆయనొక్కరే. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాక, తుపాకీని బట్టల కింద పెట్టుకుని తిరిగే లైసెన్స్ కావాలనేవాళ్ళకి శనివారాలు క్లాస్ చెప్పేవారు. గుడ్డు కూడా తినని మనిషి. కాల్చడం ప్రాక్టీసు చేసే రేంజ్‌కి స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చేవారు. తూటాల సీసం చేతులకి అంటుకుంటుందని, సబ్బు పెట్టి చన్నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కుంటేగాని ఒక్క మెతుకు ముట్టనిచ్చేవారు కాదు. నెత్తి నెరిసిన ఇంజనీర్లం బడిపిల్లల్లా వరుసలో నిలబడి ఆయనకి చేతులు చూపించేవాళ్ళం.

నేను ఆయన దగ్గరికి వెళ్ళింది భయం వల్ల. మా వీధి చివరి ఇంటి తెలుగువాళ్ళు ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళిన పూట, దొంగలు వాళ్ళింటి వెనక తలుపు పగలగొట్టి నగలన్నీ ఎత్తుకుపోయారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయిందని వాట్సాప్ గ్రూప్‌లో ఒకటే గగ్గోలు. నాకు ఈ దేశం సిటిజెన్‌షిప్ వచ్చేసింది కాబట్టి తుపాకీ కొనడానికి అడ్డేమీ లేదు. ఏ క్యాలిబర్ కొనాలి, అంటే ఎంత లావు తూటా పేల్చేది కొనాలి అన్నదే ప్రశ్న.

మా ఇంజనీర్లకి ప్రశ్న ఎదురైతే చేతులు ఊరుకోవు. రైస్ కుక్కర్ కొనాలన్నా ఎక్సెల్ షీట్ తెరుస్తాం. దీనికి పద్నాలుగు కాలమ్‌లు వేశాను. తూటా బరువు, వేగం, దెబ్బ లోతు, రివ్యూలు, అన్నిటికీ మార్కులు. అన్నిటికంటే లావుపాటి ఫార్టీఫైవ్‌కి ఫస్ట్ ర్యాంక్ వచ్చింది. అదే కొన్నాను. మా ఆవిడ ఆ పెట్టె వంక చూసి, "టపాకాయ పేలుతుందంటే చెవులు మూసుకుని వంటింట్లో దూరతావు. నీకెందుకు ఇదంతా?" అంది. నేను ఉడుక్కున్నాను.

మొదటి శనివారం ఆ షీట్ ప్రింట్ తీసి మాస్టారికి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఒక్క గడి వదలకుండా చదివారు.

"అన్నీ ఉన్నాయయ్యా. నీ చెయ్యి ఏ కాలమ్‌లో ఉంది?"

ఆ షీట్ మడిచి నాకే ఇచ్చి, ట్రయల్ టెస్ట్ పెట్టారు. సగం తూటాలు గురిపెట్టిన కాగితానికే తగల్లేదు. ఆయన నా పిస్టల్ తీసుకుని, అటు తిరిగి మళ్ళీ లోడ్ చేసి ఇచ్చారు. రెండుసార్లు పేలింది. మూడోసారి నొక్కితే టిక్ అని ఊరుకుంది. పేలకపోయినా పిస్టల్ మూతి మాత్రం గబుక్కున కిందికి వంగింది. అదేం ఖర్మో, నా కళ్ళు కూడా మూసుకుని ఉన్నాయి.

మాస్టారు దాని లోపలి నుంచి ఎర్ర ప్లాస్టిక్ తూటా తీసి చూపించారు. మందు లేని డమ్మీ. అసలువాటి మధ్య నాకు తెలియకుండా కలిపారు.

"పిస్టల్ వెనక్కి తన్నుద్దని ముందే భయపడి, నీ చెయ్యే దాన్ని కిందికి తోస్తాంది. అది సరే. చప్పుడుకి కళ్ళు మూసేవాడివి, ఎదురుగా ఎవరున్నారో ఎట్టా చూస్తావు?"

ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. ఆ రోజే మానేద్దామనుకున్నాను కూడా. మళ్ళీ శనివారం ఆయన నా చేతిలో అన్నిటికంటే చిన్న తూటాది, ట్వెంటీటూ పెట్టారు. దాని చప్పుడు ప్రెషర్ కుక్కర్ మూత జారిపడినంత. క్లాస్‌లో మిగతావాళ్ళు బొమ్మ తుపాకీ అని ఏడిపించారు. రెండు నెలలు దాంతోనే కాల్చాను. ప్రతిసారీ ఎక్కడో ఒక ఎర్ర తూటా కలిపేవారు. కాగితం తెచ్చి చూపిస్తే, "ఎంత లావు తూటా అని కాగితం అడగదు. యాడ తగిలిందో చూసుకుంటది" అనేవారు.

ఆయనకి కోపం రావడం ఒక్కసారే చూశాను. లైసెన్స్ టెస్ట్‌కి ఏ క్యాలిబరైనా తేవచ్చు కదా, ట్వెంటీటూతో పాసైపోయి ఫార్టీఫైవ్ పెట్టుకు తిరుగుతానన్నాను.

"పరీక్షకి ఏది పట్టుకొస్తావో నడుముకీ అదే ఉండాల. లేకపోతే నేను సంతకం పెట్టను."

"రూల్స్ బుక్‌లో అలా లేదండీ."

"నా బుక్‌లో ఉంది."

చివరికి మధ్యస్థంగా ఉండే నైన్ మిల్లీమీటర్ దగ్గర నా చెయ్యి కుదురుకుంది. డమ్మీ వచ్చినా మూతి వంగని రోజు వచ్చాకే టెస్ట్ పెట్టారు. పాసయ్యాను. మెచ్చుకుంటారని వెనక్కి తిరిగితే, "ఊఁ" అన్నారు, అంతే. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదని పాతవాళ్ళు చెప్పారు.

లైసెన్స్ వచ్చిన కొన్ని వారాలకి, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడినే పని చేసుకుంటున్నాను. గరాజ్ వైపు తలుపు చప్పుడైంది. ఆ వేళప్పుడు ఎవరూ రావాల్సిన పని లేదు. లాక్ బాక్స్ తెరిచి పిస్టల్ తీసుకుని మెట్ల పైన నిలబడ్డాను. కింద ముఖం కనిపించకుండా టోపీ లాక్కున్న మనిషి, భుజాన పెద్ద సంచి. పిస్టల్ మూతి నేల వైపే ఉంది, వేలు ట్రిగ్గర్ బయటే ఉంది. చెయ్యి లేచేలోపే నోరు లేవాలని మాస్టారు వందసార్లు చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఎవరది?"

"నాన్నా, ఇట్స్ మీ! లాండ్రీ తెచ్చాను. సర్‌ప్రైజ్ చేద్దామని."

కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి. పిస్టల్ పెట్టెలో పెట్టి తాళం వేసి, కిందికి దిగి దాని సంచి అందుకున్నాను. అదే మొదటి శనివారం నాటి నేనై ఉంటే ఏం జరిగేదో ఇప్పటికీ తలుచుకోలేను.

ఈ సంగతి మా ఆవిడకి చెప్పడానికి నెల పట్టింది. మాస్టారికి మాత్రం మర్నాడే చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే.

"కళ్ళు తెరిచే ఉన్నావా?"

"ఉన్నానండీ."

"ఊఁ."

ఆయన నడుముకి ఏ క్యాలిబర్ ఉండేదో ఎవరికీ చెప్పేవారు కాదు. మా గ్రూప్‌లో దాని మీద పందేలు కూడా నడిచాయి. పరామర్శకి వెళ్ళినప్పుడు ఆంటీని అడిగాను.

"ఏదీ లేదు బాబూ. రెండేళ్ళ కిందట ఆయన పుట్టినరోజున నాచేత ఎర్ర తూటా కలిపించుకుని కాల్చుకున్నారు. చెయ్యి వణికింది. పెట్టుకునే అర్హత పోయిందే అని, ఆ రోజే తన పిస్టల్ షాపులో ఇచ్చేసి వచ్చారు."

అంటూ ఆయన ఎర్ర తూటాలున్న చిన్న డబ్బా నా చేతిలో పెట్టింది.

పోయిన శనివారం మా అమ్మాయిని రేంజ్‌కి తీసుకెళ్ళాను. మొదట నేను కాలుస్తానని, నాకు కనపడకుండా ఒక ఎర్ర తూటా కలపమన్నాను. ఒకటి పేలింది. రెండు పేలాయి. మూడు. నాలుగోది టిక్ అంది.

మూతి కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. "నాన్నా, ఆర్ యూ ఓకే?" అంటోంది అమ్మాయి. నేను కాగితం వైపే చూస్తూ, వెనక నుంచి రావలసిన "ఊఁ" కోసం అలాగే నిలబడి ఉన్నాను.