షామియానాలు కట్టే అతను

మా వీధి చివర షామియానాలు కట్టే అతను, ముడి వేసే ముందు బట్టను ముక్కుకు ఆనించి వాసన చూసేవాడు. మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ అతనే, చావులకీ అతనే.

పదో తరగతి చదివే మా అమ్మాయి తన మంచం మీద తెల్లటి పందిరి కావాలంటే అతన్నే పిలిచాను. మంచం కొలిచి, ఎంత కొత్త బట్ట కొనాలో లెక్కగట్టి చెప్పాను. అతను తెచ్చింది దానికి రెట్టింపు ఉంది. కొత్తది కొన్నవాడు అంత ఎందుకు తెస్తాడు?

మా ఆవిడకీ అదే అనుమానం. "ఏ సావింట్లో కట్టిందో ఏటో! దాని కింద పిల్లని పడుకోబెడతామా? అడగండి," అని గొణిగింది.

అడిగాను. అతను నిచ్చెన మీదే బట్ట వాసన చూశాడు.

"కొత్తదే బాబూ. గంజి వాసనొస్తన్నాది, సూడండి."

చూశాను. నాకు అగరొత్తుల వాసన తగిలింది. విప్పేయమని చెప్పబోతుంటే, అమ్మాయి మంచమెక్కి వేలాడుతున్న అంచును ముఖానికి కప్పుకుంది.

"నాన్నా, గుడిలో ఉన్నట్టున్నాది! ఈ రోజు నుంచీ ఇక్కడే సదువుకుంటాను."

మా ఆవిడ నా వైపు చూసింది. అతనూ చూశాడు.

"ఉండనీ, కట్టీ," అన్నాను.

మిగిలిన ముడులన్నీ అతను వాసన చూడకుండానే చాలా తొందరగా వేసేశాడు.