భయమైతదని చెప్పిన మా బాపు

గోదావరిఖనిలో మా క్వార్టర్ గడప మీద కూర్చుని, చిన్నప్పుడు నేను పుస్తకం పైకి చదువుతుంటే మా నాన్న, మేం పిలిచే బాపు, చాయ్ తాగుతూ వినేవాడు... ఆయనకు చదువు రాదు. నేనప్పుడు ఏడో తరగతి.

అవన్నీ పిల్లల సాహస కథలు. చేతులు మారీ మారీ, అట్టలు చిరిగి మా దాకా వచ్చేవి. వాటిలో వీరుడిది విశాలమైన ఛాతీ. గుహలోకి ఒంటరిగా దూకుతాడు. భయమంటే తెలియదు, కన్నీళ్లు అసలే తెలియవు... మగాడంటే అలాగే ఉండాలని గట్టిగా నమ్మేదాన్ని.

బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. బాయిలో పైకప్పు కూలకుండా కట్టె దుంగలు నిలబెట్టడం బాపు పని. ఒకరోజు అడిగాను.

"బాపూ, బాయిల దిగంగ నీకు భయమైతదా?"

"రోజూ అయితది బిడ్డా."

నాకు సిగ్గేసింది. బడిలో మాత్రం మా బాపు దేనికీ భయపడడని చెప్పుకున్నాను...

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, బాయిలో కప్పు కూలిందని తెలిసింది. అమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి పరుగెత్తింది, వెనకే నేను. బాయి ముందు ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. మనుషులు ఒక్కొక్కరే పైకి వస్తున్నారు. బాపు లేడు.

పక్క క్వార్టర్ రాజయ్య కాక అమ్మ దగ్గరికి వచ్చాడు. "ఫికర్ చెయ్యకు వదినె, అన్న ఎనుక వస్తుండు. మేం బతికినమంటే ఆయన వల్లనే."

జరిగింది ఆయనే చెప్పాడు... దుంగ ఒకటి సన్నగా కిర్రుమన్నదట. బాపు దానికి చెవి ఆనించి విని, "నాకు భయమైతంది. పని ఇడిసిపెట్టి అందరు నడువుండ్రి" అన్నాడట. కొత్తగా చేరిన పోశం, "గింత దానికేనా?" అని నవ్వాడట. బాపు అతని రెక్క పట్టి గుంజుకొచ్చాడట. మలుపు దాటారో లేదో, వెనక కప్పంతా కూలిపోయింది.

అందరికన్నా చివర బాపు పైకి వచ్చాడు. పోశం ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. బాపు అతన్ని లేపి, హత్తుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. బొగ్గు మసి మీద కన్నీటి చారలు... చుట్టూ అంతమంది మగవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. అంత పెద్ద మనిషిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

మర్నాడు మళ్లీ చదవడానికి కూర్చున్నాను. వీరుడు గుహ ముందు నిలబడ్డ చోట, అచ్చులో లేని మాట ఒకటి నేనే కలిపాను... "అతనికి భయమేసింది."

బాపు గ్లాసు కింద పెట్టాడు. "గట్లనే రాసిండ్రా బిడ్డా?"

"ఆఁ బాపూ. గట్లనే ఉన్నది."

"మంచిగ రాసిండ్రు" అన్నాడు, మళ్లీ గ్లాసు అందుకుని.

ఆ బాయి ఎప్పుడో మూతపడింది. బాపూ లేడు. ఇప్పుడు నా మనవరాలు చదివే కథల్లో వీరులు భయపడతారు, ఏడుస్తారు కూడా. "అందులో వింతేముంది అమ్మమ్మా?" అంటుంది. మంచిదే... కానీ ఆ మధ్యాహ్నం నేను చూసిన వింతను ఈ పిల్లకు ఎలా చెప్పను?

మీ ఇంట్లోనో, వాడలోనో ఒక మగమనిషిని చూసి మీరూ అలా నిలబడిపోయిన రోజు ఉందా? ఉంటే రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.