ఉప్పుమళ్లలో అమెరికా

నౌపడ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరు. 1969 ఎండాకాలం. ఆకు కదలడం లేదు. మా ఆర్మీ ఇంజనీర్ల ప్లటూన్‌కు ఇచ్చిన పని ఉప్పుటేటి మీది రైలు వంతెనకు దన్ను కట్టడం. మనిషికో గునపం, ఓ దుప్పటి, నీళ్ల సీసా. నాది బొబ్బిలి. అప్పట్లో రెండూ ఒకే జిల్లా. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని పొంగిపోయాను. మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది వరంగల్. అక్కడ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం అట్టుడుకుతున్న రోజులవి.

మా కెప్టెన్ ప్రమోషన్ పరీక్షకు అమెరికా అంతర్యుద్ధం చదువుతున్నారు. సాయంత్రాలు వంతెన పక్కనున్న ఉప్పుమళ్ల గట్టు మీద ఆ ఉప్పుతోనే ఆ దేశపు పటం పోసి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి హిందీలో అడిగేవారు: దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి నిలబడి ఉంటే ఏమయ్యేది?

"తర్వాత పడమటివాళ్లూ పోయేవాళ్లు సార్. నదికో సుంకం గేటు, ఊరికో జెండా," అన్నాను వచ్చీరాని హిందీలో, ఆపరేటర్ వైపే చూస్తూ.

అతను తగ్గలేదు. నావైపు తిరిగి తెలుగులోనే అన్నాడు: "అన్నా, బానిసల్ని ఉంచుకునేటందుకు వాళ్లు దేశాన్నే ఇడిసిపోయిన్రు. మేం దేశంల ఉండే వేరే రాష్ట్రం అడుగుతున్నం. దానికి మన రాజ్యాంగంల తొవ్వ ఉన్నది."

ఉప్పు కూలీ ముసలి అప్పమ్మ బుట్ట దించి పటాన్ని ఎగాదిగా చూసింది. "ఆళ్లు ఇడిపోతే ఏటి, కలిసుంటే ఏటి బాబూ? ఆ ఉప్పు తొక్కీకండి. మళ్లీ నానే ఎత్తాల."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గాలివాన. మళ్లలో చిక్కుకున్న కూలీలను తీసుకురమ్మని మా ఇద్దరికీ ఆర్డరు. మేం వాళ్లను చేరేలోగా ఏరు పొంగి, వెనక దారి తెగిపోయింది. గట్టు మీద నడుములోతు నీళ్లు. వైర్‌లెస్ సెట్టు తడిస్తే మా జాడ చెప్పే దిక్కు లేదు. అతను దాన్ని నెత్తికెత్తుకున్నాడు. ప్రవాహం లాగేస్తుంటే వెనక నుంచి అతని బెల్టు పట్టుకున్నాను.

"వంతెనకు తూర్పున ఉన్నం. ఎర్రగుడ్డ ఊపుతున్నం. ఓవర్," అని మైకులో క్యాంపుకు చెప్పాడు.

"ఒరే, ఆ బాబుని గట్టిగా అట్టుకో!" అప్పమ్మ నామీద కేకలేసింది.

రబ్బరు పడవ వచ్చింది. కూలీలందరూ ఎక్కాక ఒక్కరికే చోటు మిగిలింది. నాకు ఈత రాదని అతనికి తెలుసు.

"నువ్వెక్కు అన్నా. మళ్లొచ్చేటప్పుడు తొవ్వ చెప్పనీకి నేనుంట."

"నోర్ముయ్. నానొగ్గేస్తే కొట్టుకుపోతావు," అన్నాను.

పడవ వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి నీళ్లు గడ్డాల దాకా వచ్చాయి. అంతసేపూ అతని గొంతు వణకలేదు. అంతటి గుండెను నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

వంతెన నిలిచింది. నెల తిరగ్గానే వెనక్కి బయల్దేరాం. రైల్లో అడిగాను: "ఇంకా ఏరే రాష్ట్రమేనేటి?"

"వేరే రాష్ట్రమే," అన్నాడు నవ్వుతూ. "అయితే నువ్వు మా ఇంటికి రావా ఏంది?"

ఇన్నేళ్లయినా కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది. నెత్తిన సెట్టు, నోట్లోకి ఉప్పునీళ్లు. ఊసేసి, మళ్లీ "ఓవర్" అంటాడు. జవాబు కోసం ఆగుతాడు.