చేదు తగలని మందు

తూకానికి రానిదేదీ మా ఇంట్లో నమ్మేవాళ్లం కాదు. ఇచ్చోడలో కిరాణా దుకాణం మాది. ఎవరైనా దెయ్యం అంటే, "సేరెంతకిస్తరో అడుగు" అనే మనిషి మా బాపు. నేనూ ఆ దుకాణంలో పెరిగినవాడినే. అందుకే ఈ సంగతి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆదిలాబాద్‌లో కాంపౌండర్ చదువులో చేరాను. ఫీజు తగ్గించమని పొద్దంతా బేరమాడి, చివరికి రెండు ఖాళీ సీసాలు కొసరుగా తెచ్చుకున్న ఘనుణ్ణి.

మందులు కలపడం నేర్పే సారు దవాఖానాలో పెద్ద కాంపౌండర్. చలిజ్వరానికిచ్చే చేదు క్వినైన్ మందులో నీళ్లు పోసి పలచన చేసేవాడు. మిగిలిన అసలు మందు బయట అమ్ముకునేవాడు. మాకందరికీ తెలుసు. నోరెత్తితే సర్టిఫికెట్ రాదు. ఊరుకున్నాం.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం బోథ్ దగ్గరి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. రోజూ ఆ మందే తాగుతూ ఆమె భర్త చనిపోయాడట. ఖాళీ సీసా తెచ్చి మందులిచ్చే కిటికీలో పెట్టింది. ఏడవలేదు.

"నీళ్లు తాపి సంపినవ్ గదా సారూ! నీకు జరమొచ్చిననాడు నీక్కూడ నీళ్లే దొరుకుతయి. సూస్కో."

"మందుల నీళ్లుండక సారా ఉంటదా? పో అవ్వా, పో" అని సారు నవ్వాడు.

ఆమె వెళ్లిపోయింది. మళ్లీ ఆ దవాఖానాలో కనిపించలేదు.

వానలు పడ్డాక సారు మంచం పట్టాడు. అదే చలిజ్వరం. మాలో ఎవరికీ పెద్దగా జాలి కలగలేదు. ఆయనకు మందు కలిపే పని నా మీద పడింది. నీళ్లెందుకు పోస్తాను? నా సర్టిఫికెట్ మీద సంతకం చేయాల్సిన చేయి అది! సరిగ్గా తూచి కలిపి, నాలుక మీద ఒక చుక్క వేసుకున్నాను. దవడలు గుంజుకుపోయాయి.

సారు ఒక గుక్క తాగి నావైపు గుర్రుగా చూశాడు.

"ఏమ్రా సేటు కొడకా, నాకే నీళ్లు తాపుతున్నవా?"

"లేదు సారూ, నేను సూసిన. మస్తు శేదున్నది."

"నా ఇద్య నాకే సూపుతున్నవ్! ఉత్త నీళ్లురా ఇవి!"

ఆయన భార్య రుచి చూసి, థూ అని వాకిట్లో ఉమ్మేసింది. ఆయన కళ్లముందే మళ్లీ కలిపాను. మళ్లీ అదే మాట. జ్వరంలో నోటికి రుచి తెలియదని డాక్టరు గారన్నారు. కానీ అదే పూట కాకరకాయ కూర చేదుగా ఉందని కంచం విసిరికొట్టాడు.

జ్వరం దిగలేదు. ఆయనకు కలిపిన జాడీలోంచే మందు తాగిన సారు పక్కింటి ముసలాయన మాత్రం లేచి తిరగసాగాడు.

చివరికి సారు ఎవరూ లేని గుమ్మం వైపు చూస్తూ చేతులు జోడించాడు. "అవ్వా, జరంత శేదు పొయ్యి" అన్నాడు. తెల్లారకముందే పోయాడు.

ఆ మందు నేనే కలిపాను, నేనే రుచి చూశాను. ఆయన నోట్లో అది నీళ్లెట్లా అయిందో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

తర్వాత నేనూ కాంపౌండర్‌నయ్యాను. ప్రతి క్వినైన్ సీసా నుంచీ ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాకే కిటికీ దాటిస్తాను. రోగుల మీద ఎంత శ్రద్ధో అని జనం మెచ్చుకుంటారు. నా తిప్పలు నావి. చేదు తగిలేదాకా నాకు ఊపిరాడదు.